ఊ కొట్టినంత మాత్రాన అర్థమైనట్టేనా? అమెరికాలో ఇంగ్లీషు అంతగా రానివారికి అందే సేవలు, వాటి వెనుక చట్టం

ఇంగ్లీషును దేశపు అధికార భాషగా ప్రకటిస్తూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 మార్చి 1న 14224వ కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశారు. ఆ తర్వాత అక్కడి తెలుగు కుటుంబాల్లో కొన్ని సందేహాలు బయలుదేరాయి. అమ్మానాన్నల్ని ఆసుపత్రికి తీసుకువెళ్తే ఇకమీదట తెలుగు దుభాషిని ఇవ్వరా? అడగడమే తప్పవుతుందా? ఆసుపత్రులు, కోర్టులు, పాఠశాలల కార్యాలయాల్లో పనిచేసేవారికీ ఇదే అయోమయం ఉంది. ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ఆ ఉత్తర్వు దేన్ని మార్చిందో, దేన్ని మార్చలేకపోయిందో విడదీసి చూడాలి. అంతకంటే ముందు, భాషా సహాయం అనే ఏర్పాటు ఎవరికోసం, ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి.

ఇంగ్లీషు "రాదు" అంటే ఎంత రాకపోవడం?

అమెరికా ప్రభుత్వ పత్రాల్లో "పరిమిత ఆంగ్ల ప్రావీణ్యం" అనే మాట కనిపిస్తుంది. ఇంట్లో మరో భాష మాట్లాడుకునేవారిని జనగణన శాఖ తన సర్వేలో ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు ఇంగ్లీషు ఎలా మాట్లాడతారు? చాలా బాగానా, బాగానా, అంత బాగా కాదా, అసలు రాదా? మొదటి జవాబు తప్ప మిగతా మూడింటిలో ఏది చెప్పినా ఆ వ్యక్తి ఈ లెక్కలోకి వస్తారు. 5 ఏళ్లు, ఆ పైబడిన వయసువారిలో ఇలాంటివారు రెండున్నర కోట్లకు పైగా ఉన్నారు.

"బాగా వచ్చు" అన్నవారు కూడా ఈ లెక్కలో ఎందుకున్నారన్నది ఆలోచించవలసిన విషయం. భాష వచ్చు, రాదు అన్నది అన్ని చోట్లా ఒకేలా తేలే సంగతి కాదు. దుకాణంలో కావలసినవి అడిగి తెచ్చుకోగలిగి, పొరుగువారితో వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడగలిగిన మనిషే శస్త్రచికిత్స సమ్మతి పత్రం ముందు పెట్టేసరికి తడబడవచ్చు. నొప్పి, భయం, జ్వరం ఉన్నప్పుడు రెండో భాష ముందుగా జారిపోతుంది. కాబట్టి "ఈయనకు ఇంగ్లీషు వచ్చు కదా, ఇందాక నాతో మాట్లాడారు" అన్న రిసెప్షన్ ఉద్యోగి అంచనా నిజాయితీగా చేసినదే అయినా తప్పు కావచ్చు. ఎంత సహాయం కావాలో సేవ పొందే మనిషినే అడగడం మేలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

భాష పేరెత్తని చట్టం భాషా హక్కుకు ఆధారం ఎలా అయింది

1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే ఏ కార్యక్రమంలోనూ జాతి, వర్ణం, జాతీయ మూలం కారణంగా వివక్ష చూపకూడదని చెబుతుంది. అందులో భాష అన్న మాట లేదు. ఆ లంకె సుప్రీంకోర్టులో 1974లో వచ్చిన "లా వర్సెస్ నికోల్స్" తీర్పుతో పడింది. శాన్ ఫ్రాన్సిస్కో పాఠశాలల్లో చైనీస్ మాత్రమే వచ్చిన సుమారు 1,800 మంది పిల్లలకు ఏ అదనపు సహాయమూ లేకుండా అందరితో పాటు ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పేవారు. అవే పుస్తకాలు, అదే ఉపాధ్యాయుడు, అదే గది ఇస్తే సమానత్వం అయిపోదని, పాఠమే అర్థం కాని పిల్లలకు ఆ చదువు అందనట్టేనని కోర్టు తేల్చింది. ఇంగ్లీషు రాకపోవడం చాలావరకు మనిషి ఎక్కడినుంచి వచ్చాడన్న దానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, భాష కారణంగా సేవ అందకుండా చేయడం జాతీయ మూలాన్ని బట్టి చూపే వివక్ష అవుతుందన్నది ఇక్కడి తర్కం.

ఈ అధ్యాయం "పౌరుడు" అనదు, "అమెరికాలో ఉన్న ఏ వ్యక్తీ" అంటుంది. కాబట్టి పిల్లల దగ్గరకు ఆరు నెలలు చూడవచ్చిన తల్లిదండ్రులకూ, ఏళ్ల తరబడి గ్రీన్ కార్డుతో ఉంటున్నవారికీ ఈ రక్షణ విషయంలో తేడా లేదు.

2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ జారీ చేసిన 13166వ ఉత్తర్వు ఈ సూత్రాన్ని ఆచరణలోకి దించే ప్రయత్నం. దాని ఆధారంగా న్యాయశాఖ 2002లో వెలువరించిన మార్గదర్శకాలు ప్రతి సంస్థనూ నాలుగు విషయాలు తూచి చూసుకోమన్నాయి: ఆ భాషవారు ఎంతమంది ఉన్నారు, వారు ఎంత తరచుగా వస్తారు, ఆ సేవ వారి జీవితంలో ఎంత ముఖ్యమైనది, సంస్థకు ఉన్న వనరులెంత, అయ్యే ఖర్చెంత. ఉదాహరణకు ఒక పార్కు నిర్వహణ కార్యాలయం ఈత తరగతుల కరపత్రాన్ని తెలుగులో వేయకపోతే ఎవరూ తప్పుపట్టరు. అదే ప్రాంతంలోని పెద్ద ఆసుపత్రి గుండెపోటుతో వచ్చిన తెలుగు మనిషికి ఫోన్లోనైనా దుభాషిని ఇవ్వకపోతే అది వేరే సంగతి. రెండుచోట్లా తెలుగువారి సంఖ్య ఒకటే అయినా, రెండోచోట పణంగా ఉన్నది ప్రాణం.

ఇక్కడే మనవాళ్లు తరచు పొరబడే విషయం ఒకటుంది. ముఖ్యమైన పత్రాలను రాతపూర్వకంగా అనువదించడానికి ఆ మార్గదర్శకాలు ఒక కొలమానం పెట్టాయి. సేవకు అర్హులైన జనాభాలో ఆ భాషా సమూహం 5 శాతమైనా, 1,000 మందైనా, ఏది తక్కువైతే దాన్ని చేరితే, అనువాదం చేసిన సంస్థ తన బాధ్యత నెరవేర్చిందనడానికి అది బలమైన సాక్ష్యం. ఒక ప్రాంతంలో అర్హులు 30,000 మంది, వారిలో ఇంగ్లీషు అంతగా రాని తెలుగువారు 400 మంది అనుకుందాం. 30,000లో 5 శాతం 1,500. దానికంటే 1,000 తక్కువ కాబట్టి గీత 1,000 దగ్గర పడుతుంది. 400 దాన్ని చేరదు. అందుకే తెలుగు దరఖాస్తులు అరుదుగా కనిపిస్తాయి. కానీ ఈ గీత రాతకే వర్తించేది. నోటిమాటగా సహాయం చేసే దుభాషి విషయంలో ఇలాంటి సంఖ్య ఏదీ పెట్టలేదు. తెలుగు కాగితం లేదని చెప్పిన కార్యాలయంలోనే తెలుగు దుభాషి దొరకడంలో వింత లేదు.

2025 ఉత్తర్వు తర్వాత మారినది, మారనిది

14224వ ఉత్తర్వు పాత 13166వ ఉత్తర్వును రద్దు చేసింది, దాని ఆధారంగా వచ్చిన మార్గదర్శకాలను ఉపసంహరించమని న్యాయశాఖాధిపతిని ఆదేశించింది. అంటే పైన చెప్పిన నాలుగు తూకాలకు, 1,000 మంది గీతకు కేంద్రం నుంచి ఇదివరకటి దన్ను లేదు. అయితే ప్రభుత్వ విభాగాలు ఇతర భాషల్లో అందిస్తున్న సేవలను ఆపి తీరాలని కూడా ఆ ఉత్తర్వు చెప్పదు. ఆ నిర్ణయాన్ని విభాగాధిపతులకు వదిలింది.

కార్యనిర్వాహక ఉత్తర్వును మరో ఉత్తర్వు రద్దు చేయగలదు కానీ, కాంగ్రెస్ చేసిన చట్టాన్ని రద్దు చేయలేదు. 1964 చట్టం ఉంది. 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 1557వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ కింద 2024లో వచ్చిన నియమావళి ఆసుపత్రులపై చాలా స్పష్టమైన బాధ్యతలు పెట్టింది. దుభాషి సేవ ఉచితంగా, సకాలంలో, గోప్యత చెడకుండా అందాలి. ఆ సేవ ఉందన్న సంగతిని రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడే 15 భాషల్లోనైనా తెలియజేయాలి. కాబట్టి ఆసుపత్రి విషయంలో మొదట్లో వచ్చిన ప్రశ్నలకు జవాబు: దుభాషిని అడగవచ్చు, అడగడం తప్పు కాదు.

చట్టానికి పరిమితులూ ఉన్నాయి. అలబామా రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్సు పరీక్షను ఇంగ్లీషులో మాత్రమే పెట్టడాన్ని సవాలు చేసిన "అలెగ్జాండర్ వర్సెస్ శాండొవాల్" కేసులో, ఉద్దేశపూర్వక వివక్ష కాకుండా ఒక విధానం ఫలితంగా మాత్రమే కలిగిన నష్టంపై వ్యక్తులు ఆరో అధ్యాయం కింద స్వయంగా దావా వేయలేరని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. అలాంటి నష్టానికి మిగిలిన దారి సంబంధిత ప్రభుత్వ విభాగానికి ఫిర్యాదు చేయడమే. ఆ విభాగానికి ఈ విషయంలో ఆసక్తి తగ్గితే హక్కు కాగితం మీద ఉన్నా దాని పదును తగ్గుతుంది. 2025 మార్పును తేలిగ్గా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఈ మార్పును సమర్థించేవారి వాదనలో బరువు లేకపోలేదు. వందల భాషలు వినిపించే దేశాన్ని ఒక ఉమ్మడి భాష కలిపి ఉంచుతుందని, ఇంగ్లీషు నేర్చుకున్నవారికే మంచి ఉద్యోగాలు, ప్రజాజీవితంలో చోటు దక్కుతాయని, ప్రతి భాషలోనూ సేవ అందిస్తూ పోతే నేర్చుకోవలసిన అవసరం కనబడదని, ఖర్చు చిన్న సంస్థలకు మోయలేనిదవుతుందని వారంటారు. ఇంగ్లీషు నేర్చుకోవడం వలసవారికి మేలు చేస్తుందన్న మాటతో ఎవరికీ పేచీ లేదు. వ్యతిరేకించేవారు మరో వైపు చూపిస్తారు: 70 ఏళ్ల వయసులో వచ్చిన మనిషి ఇంగ్లీషు నేర్చుకునేదాకా గుండెపోటు ఆగదు, అర్థం కాని కాగితంపై చేసిన సంతకం సమ్మతి కాదు, పొరపాటు చికిత్స ఖర్చు దుభాషి ఖర్చుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రెండు వాదనలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు నిలిచేవి కావని నా అభిప్రాయం. ఒకటి పదేళ్లలో జరగవలసిన దాని గురించి మాట్లాడుతుంది, రెండోది ఈ రాత్రి అత్యవసర విభాగంలో జరగవలసిన దాని గురించి. ఇప్పటికే 30కి పైగా రాష్ట్రాలు ఇంగ్లీషును తమ అధికార భాషగా ప్రకటించుకున్నాయి. ఆ రాష్ట్రాల ఆసుపత్రులకూ పైన చెప్పిన కేంద్ర చట్టాలు వర్తిస్తూనే వచ్చాయి.

రెండు భాషలు వచ్చిన ప్రతివారూ దుభాషి కారు

రాతను ఒక భాషనుంచి మరో భాషలోకి మార్చేవారు అనువాదకులు, మాటను అక్కడికక్కడే మార్చి చెప్పేవారు దుభాషులు. ఈ రెంటికీ కావలసిన నేర్పులు వేరు. వీటికి తోడు, రెండు భాషలూ వచ్చిన మామూలు మనిషి అని మూడో కోవ ఉంది. మన ఇళ్లలో ఆ పాత్ర సాధారణంగా కొడుకుదో, కోడలిదో, హైస్కూల్లో చదివే మనవరాలిదో అవుతుంది.

వృత్తి దుభాషి పాటించే ముఖ్యమైన నియమాలు మూడు: చెప్పినదంతా, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా చెప్పడం, విన్నది బయట పెట్టకపోవడం, ఎవరి పక్షమూ వహించకపోవడం. అందుకే వారు ఉత్తమ పురుషలో మాట్లాడతారు. డాక్టరు "నేను మీ మందు మారుస్తున్నాను" అంటే దుభాషి కూడా "నేను మీ మందు మారుస్తున్నాను" అనే అంటారు. ఈ పద్ధతి తెలియని పెద్దవారు "మందు మార్చడానికి ఈవిడెవరు?" అని కంగారు పడతారు. మొదట్లోనే ఒక్క మాట వివరిస్తే ఈ గందరగోళం ఉండదు.

శిక్షణ ఎంత తేడా తెస్తుందో 2012లో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది. అత్యవసర విభాగాల్లోని 57 సంభాషణలను గ్లెన్ ఫ్లోరెస్ బృందం పరిశీలించింది. జరిగిన తప్పుల్లో రోగికి హాని చేయగలవాటి వాటా వృత్తి దుభాషులు ఉన్నచోట 12 శాతం, అప్పటికప్పుడు ఎవరో ఒకరు దుభాషిగా కుదిరినచోట 22 శాతం, ఎవరూ లేనిచోట 20 శాతం. అంటే శిక్షణ లేని మనిషి సాయం, ఏ సాయమూ లేకపోవడం కంటే మెరుగ్గా తేలలేదు. కనీసం 100 గంటల శిక్షణ పొందిన దుభాషుల్లో ఆ వాటా 2 శాతానికి దిగింది.

తెలుగు మాట దగ్గరగా చూస్తే: "బీపీ", "మోషన్స్", "గ్యాస్", "వారు"

మాట తెలియనప్పటికంటే, తెలిసిందని ఇద్దరూ అనుకున్నప్పుడు ప్రమాదం ఎక్కువ. తెలుగువారి నోట నలిగిన ఇంగ్లీషు మాటలే ఇందుకు మంచి ఉదాహరణలు.

"నాకు బీపీ ఉంది" అని మన పెద్దాయన ఇంగ్లీషులోనే చెబుతారు. రక్తపోటు ప్రతి మనిషికీ ఉంటుంది కాబట్టి అమెరికా నర్సుకు అది అసంపూర్తి వాక్యం; ఎక్కువా, తక్కువా అన్నది అడగాలి. "మోషన్స్ అవుతున్నాయి" అన్న మాటకు అక్కడ అర్థమే లేదు. నీళ్ల విరేచనాలన్న సంగతి వారికి తట్టదు. అన్నిటికంటే భయం కలిగించేది "గ్యాస్". ఛాతీలో బరువుగా ఉన్నా, పైకి తన్నుకొచ్చినట్టున్నా, భుజం లాగుతున్నా మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట "గ్యాస్ పట్టేసినట్టుంది". మనవడు దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే, వినేవారికి అది కడుపుబ్బరంగానే తోస్తుంది. శిక్షణ ఉన్న దుభాషి అక్కడ ఆగి, "ఆవిడ వాడిన మాటకు రెండు మూడు అర్థాలున్నాయి, నొప్పి సరిగ్గా ఎక్కడో అడగండి" అని డాక్టరుకు సూచిస్తారు. "వేడి చేసింది" కూడా అలాంటిదే. నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, ముక్కునుంచి రక్తం కావచ్చు. మాటకు మాట పెడితే నర్సు థర్మామీటరు తీస్తారు.

కోర్టులోనో, పోలీసుల ముందో ఇబ్బంది మరోలా వస్తుంది. భర్త పేరు పలకడం అలవాటు లేని స్త్రీ "వారు తలుపు గడియ పెట్టి కొట్టారు" అంటుంది. అది గౌరవవాచకమా, బహువచనమా? ఇంగ్లీషులో బహువచనంగా మారితే ఇద్దరు ముగ్గురు కొట్టినట్టవుతుంది, కేసు స్వరూపమే మారిపోతుంది. తర్వాత ఆమె "ఒక్కరే" అంటే మాట మార్చిందన్న ముద్ర పడుతుంది. ఊహించి పూరించకుండా, స్పష్టం చేసుకోవడానికి అనుమతి అడగడమే దుభాషి ధర్మం.

ఇక ఊ కొట్టడం. ఎదుటివారు చెబుతుంటే "ఊఁ", "ఆఁ", "సరే" అనడం మనకు మర్యాద. వింటున్నాను, చెప్పండి అని దాని భావం. అవతల కూర్చున్న డాక్టరు దాన్ని అంగీకారంగా నమోదు చేసుకుంటారు.

ప్రాంతభేదం కూడా చిన్నది కాదు. "పానం మంచిగ లేదు" అన్న తెలంగాణ పెద్దావిడ మాట, ఫోనులో అవతల ఉన్న దుభాషికి వెంటనే అందకపోవచ్చు. ఇద్దరికీ పొసగనప్పుడు మరొకరిని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. దుభాషులకు ధ్రువపత్రాలిచ్చే అమెరికా జాతీయ సంస్థలు నోటి పరీక్ష పెట్టే భాషలు కొన్నే, వాటిలో తెలుగు లేదు. అందువల్ల తెలుగు దుభాషుల స్థాయి ఒకేలా ఉండదు.

కొడుకో, కూతురో మాట్లాడితే వచ్చే చిక్కు

అయినవారు పక్కనుంటే ధైర్యం. కొత్త మనిషి ముందు ఒంటి సంగతులు చెప్పుకోవడం కష్టం. రోగి చరిత్ర ఇంట్లోవారికి తెలిసినంత మరెవరికీ తెలియదు. కుటుంబ సభ్యులే దుభాషులుగా ఉండాలనేవారు చెప్పే ఈ కారణాలు నిజమైనవే.

అయితే కొడుకు ముందు తల్లి గర్భాశయ సమస్య చెప్పుకోలేదు. కోడలి ముందు మామగారు మతిమరుపు ఒప్పుకోరు. క్యాన్సర్ అని తేలినప్పుడు "నాన్న తట్టుకోలేరు" అని కొడుకు దాన్ని "చిన్న గడ్డ" చేస్తాడు. అది ప్రేమే, కానీ ఆ తర్వాత తండ్రి పెట్టే సంతకం ఏ చికిత్సకో ఆయనకే తెలియదు. పెద్దవారిలో కొందరు నిజంగానే వివరాలు వినదలచుకోరు. ఆ కోరికనూ గౌరవించాలి. అయితే ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో దుభాషి ద్వారా ఆయననే అడిగితే, ఆ నిర్ణయం ఆయనదవుతుంది.

2024 నియమావళి ఈ రెండు వైపులనూ కలపడానికి ప్రయత్నించింది. సొంత దుభాషిని తెచ్చుకోమని ఆసుపత్రి అడగకూడదు. వెంట వచ్చిన పెద్దవారిని అత్యవసర పరిస్థితిలో, అర్హుడైన దుభాషి దొరికేవరకు వాడుకోవచ్చు. లేదా, రోగి తానుగా కోరాలి, అదీ వెంట వచ్చినవారు గదిలో లేనప్పుడు, అర్హుడైన దుభాషి సమక్షంలో కోరాలి. మైనరు పిల్లలనైతే ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో తాత్కాలికంగా తప్ప వాడకూడదు. ఇంట్లోవారిని గదిలోంచి పంపేయమని దీని అర్థం కాదు. కొడుకు కొడుకుగా పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు, మరిచిపోయిన మందు పేరు గుర్తుచేయవచ్చు. మాట మార్చే పని మాత్రం మరొకరిది.

ఫోను, తెర, యంత్రం

తెలుగు దుభాషి ఎదుట వచ్చి కూర్చోవడం పెద్ద నగరాల్లోనూ అరుదే. సాధారణంగా ఫోనులోనో, వీడియోలోనో దొరుకుతారు. ఫోను వేగంగా కలుస్తుంది, కానీ నొప్పి చోటును చేత్తో చూపిస్తే అవతలివారికి కనబడదు, వినికిడి తగ్గినవారికి అది అంతగా పనికిరాదు. చెడ్డ వార్త చెప్పవలసి వచ్చినప్పుడు వీడియో కొంత నయం.

యంత్రానువాదం గురించి ఉత్సాహమూ భయమూ రెండూ ఎక్కువే. ఆసుపత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో అనువదించి చూసిన 2021 నాటి పరిశీలనలో ఖచ్చితత్వం స్పానిష్‌లో 94 శాతం, ఆర్మేనియన్‌లో 55 శాతం తేలింది. యంత్రాలు అప్పటినుంచి మెరుగయ్యాయి. అయినా ఇంటర్నెట్‌లో రాత తక్కువగా ఉన్న భాషకు పెద్ద భాషతో సమానమైన భరోసా ఇవ్వలేమన్నది ఆ తేడా చెబుతున్న సంగతి. దారి ఎటు, ఆకలిగా ఉందా వంటి మాటలకు ఫోన్‌లోని యాప్ చాలు. హక్కులకు, చికిత్సకు సంబంధించిన కీలక పత్రాన్ని యంత్రం అనువదిస్తే అర్హుడైన అనువాదకుడు సరిచూడాలని 2024 నియమావళి చెబుతుంది. రెండు భాషలు కలిసిన మందు చీటీలో చిన్న మాట ఎంత పని చేస్తుందో స్పానిష్ చూపిస్తుంది: ఇంగ్లీషులో "ఒక్కసారి" అని చెప్పే "వన్స్" అన్న మాటనే, అవే నాలుగు అక్షరాలతో, స్పానిష్ మనిషి "ఓన్సే" అని చదువుతాడు. ఆ మాటకు అతని భాషలో అర్థం పదకొండు.

అర్థమైందో లేదో తేల్చుకోవడం

1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల యువకుణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివారు "ఇంటాక్సికాడో" అన్నారు. వారి క్యూబా స్పానిష్‌లో దానికి తిన్నదో తాగినదో వికటించిందని అర్థం. వైద్యులు ఆ మాటను ఇంగ్లీషు పోలికతో విని, మత్తుమందు మోతాదు మించిందనుకున్నారు. నిజానికి అతని మెదడులో రక్తస్రావం జరుగుతోంది. అది తేలేలోగా రెండు రోజులు గడిచాయి, కాళ్లు చేతులు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. దుభాషిని పిలవాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉందని రెండు పక్షాలవారూ నమ్మారు.

అందుకే ఇప్పుడు నర్సులకు నేర్పే పద్ధతుల్లో ఒకటి, "అర్థమైందా?" అని అడగకుండా, విన్నది తిరిగి చెప్పించుకోవడం. ఆ ప్రశ్నకు ఏ భాషలోనైనా వచ్చే జవాబు "ఆఁ, అర్థమైంది" అనే. దానికి బదులు నర్సు, దుభాషి ద్వారా, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికి వెళ్లాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అంటారు. అప్పటిదాకా ప్రతి మాటకూ ఊ కొడుతూ వచ్చిన పెద్దావిడ, "పొద్దున టిఫిన్ అయ్యాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి" అంటుంది. అది పరగడుపున రోజుకు ఒక్కటే వేసుకోవలసిన మాత్ర. నర్సు కుర్చీ కొంచెం దగ్గరగా జరుపుకుని మళ్లీ మొదలుపెడతారు.